మంచు సెలవులు, 37 చుక్కల ముగ్గు

హనుమకొండ

ప్రియమైన నేస్తమా,

నిన్న రాత్రి నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మిషిగన్‌లో మోకాళ్ళ దాకా మంచు పడిందనీ, మూడు రోజులుగా బడి లేదనీ, పిల్లలిద్దరూ టాబ్లెట్ కోసం కొట్టుకుంటున్నారనీ చెప్తుంటే నీ గొంతులోనే అలసట తెలిసిపోయింది. ఫోన్‌లో సగం సగం చెప్పడం ఇష్టం లేక కూర్చుని రాస్తున్నాను.

మంచు సెలవులు నాకు తెలియవు కానీ వాన సెలవులు తెలుసు. 2023 జూలై గుర్తుందా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఇక్కడ మా వీధి నిండా నీళ్ళు, ఇంట్లో కరెంటు లేదు, బళ్ళు బంద్. మొదటి రోజు సర్వపిండి తింటూ గడిచింది. రెండో రోజుకు పోరగాళ్ళు ఇల్లు పీకి పందిరేస్తుంటే, మా అమ్మ సుద్దముక్క తీసుకుని నడింట్లో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా ఇంట్లో చప్పుడు లేదు!

అందుకే నీకు మొదట చెప్పేది ముగ్గే. మీ ఇంటి ముందు పడుతున్న మంచుకు సరిగ్గా సరిపోయే ముగ్గు ఒకటుంది. 7 చుక్కలు, 4 వరకు సందు చుక్క. మధ్యలో 7 చుక్కల వరుస, పైన సందుల్లో 6, ఆపైన 5, ఆపైన 4, కింద కూడా అంతే. మొత్తం 37. నడిమి చుక్క నుంచి ఆరు మూలలకూ గీతలు లాగమను. నడిమిది కాక ఒక్కో గీత మీద మూడు చుక్కలు వస్తాయి. ప్రతి గీతకూ రెండో చుక్క దగ్గర అటొక కొమ్మ, ఇటొక కొమ్మ గీసి అంచు చుక్కలకు కలిపితే మంచురవ్వ వచ్చేస్తుంది. ఆరు చుక్కలు మిగులుతాయి, వాటి మీద పువ్వులో దీపాలో వాళ్ళిష్టం. నల్ల కాగితం మీద తెల్ల సుద్దతో వేస్తే ఎంత బాగుంటుందో చూడు.

పెద్దది ‘ఆరే ఎందుకు’ అని తప్పకుండా అడుగుతుంది. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు వాటి అణువులు ఆరు మూలల గూళ్ళుగా అల్లుకుంటాయి, రవ్వకు ఆ ఆకారమే వస్తుంది. చెప్పి వదిలేయకు, చూపించు. ఒక నల్ల గుడ్డను అరగంట బయట చలిలో పెట్టు, గుడ్డ చల్లబడ్డాక దాని మీద పడిన రవ్వ వెంటనే కరగదు. భూతద్దంతో చూసి, లోపలికొచ్చి గుర్తున్నంత వరకు గీయమను. మీ అమెరికాలోనే వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు తన మొదటి మంచురవ్వ ఫోటోను 1885లో తీశాడు, తర్వాత జీవితమంతా అదే పనిగా ఐదు వేలకు పైగా తీశాడు. ఈ కథ మా వాడికి చెప్తే రాత్రి నిద్రపోలేదు.

చిన్నోడికి చుక్కలు లెక్కపెట్టే ఓపిక ఉండదేమో. వాడికి తెల్ల కొవ్వొత్తి ముక్క ఇవ్వు. తెల్ల కాగితం మీద గట్టిగా నొక్కి గీసి, పైన పల్చటి నీలం రంగు పూస్తే మైనం ఉన్నచోట రంగు అంటదు, గీత తెల్లగా బయటపడుతుంది. రంగు తడిగా ఉండగానే కాస్త ఉప్పు చల్లితే మంచు కురిసినట్టు మచ్చలు వస్తాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. రంగులేసే ప్రింటౌట్లు ఇవ్వకు. పది నిమిషాల్లో అయిపోతాయి, మళ్ళీ టాబ్లెట్ అంటారు. ఖాళీ కాగితం ఇచ్చి పక్కన కూర్చో. వాళ్ళది సరిదిద్దకు, నీదీ ఒకటి గీయి. మీ వాకిట్లో మీ అమ్మ నీ వేలు పట్టి ముగ్గు నేర్పింది ఇలాగే కదా.

ఇక రోజుల తరబడి సాగే పని. చేర్యాల బొమ్మలు యాదికున్నాయా? పొడుగాటి గుడ్డ మీద గళ్ళు గళ్ళుగా కథంతా ఉంటుంది, వెనక ఎర్ర రంగు, చెప్పేవాళ్ళు చుట్ట విప్పుతూ కథ చెప్తారు. ఆ గుడ్డకు నకాషీలు, అంటే ఈ బొమ్మలు గీసేవాళ్ళు, చింతగింజల అంబలి, గంజి, సుద్ద పట్టించి ఆరబెడతారు. నీకు అంత పని వద్దు, ఏడెనిమిది కాగితాలు టేపుతో అతికించు చాలు. పొద్దున లేచి కిటికీలోంచి చూడటం, కారు మంచులో మునిగిపోవడం, నువ్వు పారతో దారి చేయడం, ఒక్కోటి ఒక్కో గడిలో. మంచు ఉన్నచోట కాగితాన్ని తెల్లగా వదిలేసి చుట్టూ ఎర్రగా నింపమను. తెలుపు అలా మెరుస్తుంది! ఈ పని ఒక్క రోజులో తెమలదు, మళ్ళీ సెలవొస్తే అక్కడి నుంచే గీసుకుంటారు.

నాలుగు గళ్ళు కాగానే వీడియో కాల్ చేయి, పిల్లలే చుట్ట విప్పి మా అమ్మకు కథ చెప్పాలి. మీకు రాత్రి తొమ్మిదైతే ఇక్కడ పొద్దున ఏడున్నర. అప్పటికి అమ్మ ముగ్గేసి, చాయ్ తాగి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

నీ నేస్తం