ఆ గడిలో ఏం రాశావురా?

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది, పొద్దున్నే ఇందిరా పార్కు దాకా నడిచి వస్తున్నారు. మొన్నటి వానకి వంటింటి గోడ మళ్ళీ చెమ్మెక్కింది. నువ్వు ఫోన్ చేసి పద్దెనిమిది రోజులైంది. పనిలో ఉంటావని నేనూ మెసేజ్ పెట్టలేదు.

ఆదివారం మీ పెద్దత్త వచ్చింది. ఆ మల్కాజిగిరి సంబంధం వాళ్ళు వద్దనుకున్నారట. పెళ్ళి వివరాల్లో మతం అన్న గడిలో నువ్వు 'నాస్తికుడు' అని రాశావట. ఆ మాట అనేటప్పుడు అత్త గొంతు తగ్గించింది, ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు వచ్చినట్టు. సంబంధం పోతే ఇంకోటి వస్తుంది. నీ మనసులో మాట నాకు అత్త నోట తెలియడమే కష్టంగా ఉంది.

కందిపొడి చేసి ఉంచాను. ఈసారి నెయ్యి ఎక్కువ పంపుతాను, అక్కడ దొరికేది నీకు పడదు.

ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ఒక మాట చెవిన పడితే విప్పి చూడకుండా ఉండలేను. 'న అస్తి', లేదు అనేవాడు నాస్తికుడు. ఏది లేదన్నాడో ఆ మాటలో లేదు చూడు. మనుస్మృతి లెక్కలో వేదాన్ని నిందించినవాడు నాస్తికుడు. సాంఖ్య దర్శనం వాళ్ళు సృష్టికర్త అక్కర్లేదన్నా వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఆస్తికుల్లోనే ఉన్నారు. బౌద్ధులు, జైనులు నాస్తికులయ్యారు. దేవుడే లేడనేవాడికి నిరీశ్వరవాది అని వేరే పేరుంది. ఉన్నాడో లేడో తెలుసుకోలేం అనేవాడు అజ్ఞేయవాది. 1869లో హక్స్‌లీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఇంగ్లీషులో అగ్నాస్టిక్ అనే మాట పుట్టిస్తే దానికి మనవాళ్ళు చేసుకున్న తెలుగు అది. కారణం చూపిస్తేనే ఒప్పుకుంటాననేవాడు హేతువాది. ఇక మన ఆంధ్రలో నాస్తికోద్యమం నడిపిన గోరా గారు కావాలనే నాస్తికుడన్న మాట పట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకి మార్చారు. అంటరానితనం పోవాలని అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. ఆయన నోట ఆ మాటకి అంత బరువుంది. నువ్వు ఏ అర్థంలో రాశావు?

నీకు మా నాన్న గురించి ఒకటి ఎప్పుడూ చెప్పలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా చిన్న తమ్ముడు టైఫాయిడ్‌తో పోయాడు. అప్పుడు గౌలిగూడలో ఉండేవాళ్ళం. పదకొండో రోజు తర్వాత నాన్న సంధ్యావందనం మానేశారు. పంచపాత్ర, ఉద్ధరిణి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. ఏడాది తిరిగాక తద్దినం రోజున పెద్ద బాబాయి అందరి ముందూ, 'నాస్తికుడివైపోయావు' అన్నాడు. నాన్న చేతిలోని విస్తరాకు కింద పెట్టి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. అమ్మ పిలిచినా లేవలేదు. సాయంత్రం ఆయన ఆఫీసు స్నేహితుడు ఖాదర్ చాచా వచ్చారు. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి అక్కడే నిలబడ్డాను. చాచా ఓదార్చలేదు. 'మా దగ్గరా ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి సాబ్' అంటూ మొదలుపెట్టారు. దారి తప్పి పక్కకు పోయినవాడు ముల్‌హిద్, కాదు పొమ్మన్నవాడు మున్కిర్, దహ్ర్ అంటే కాలం కనుక కాలమే సర్వం అనేవాడు దహ్రియా. కాఫిర్ అన్న మాటకి మూలంలో కప్పేయడం అని అర్థమట, విత్తనాన్ని మట్టితో కప్పే రైతుకీ అరబ్బీలో ఆ మాటే వాడతారట. 'వీటిలో మీరు ఏది?' అని అడిగారు. నాన్న చాలాసేపు వీధిలోకి చూశారు. 'ఆయనతో మాట్లాడటం మానేశాను, అంతే' అన్నారు. చాచా ఇంకేం అనలేదు, నాన్న చేయి పట్టుకుని దీపాలు పెట్టేదాకా కూర్చున్నారు.

నాన్న మళ్ళీ పూజ చేయలేదు. కానీ తర్వాత అటక మీది మూట దించారు. శనివారం శనివారం చింతపండు పెట్టి పంచపాత్ర తళతళలాడేలా తోమేవారు. అందులో నీళ్ళు మాత్రం పోయలేదు, చివరిదాకా. గోల్కొండ చెరసాల్లో రామదాసు నగల ఖర్చులన్నీ లెక్కగట్టి రాముణ్ణి నిలదీశాడు, ఆయన్ని ఎవరైనా నాస్తికుడన్నారా?

చెప్పొచ్చేదేమిటంటే, ఏ మాట రాసుకున్నా వచ్చే పిల్లకి విడమరిచి చెప్పు. నువ్వు పూజ చేయవా, గుడికే రావా, ఆమె దీపం పెడితే వద్దంటావా? మూడూ వేర్వేరు. ఏ మతంలోనూ చేరనంటే అది ఇంకొకటి. పుట్టిన సర్టిఫికెట్లో మతం లేదు, కులం లేదు అని రాసుకునే వీలుండాలని 2023లో మన తెలంగాణ హైకోర్టే చెప్పింది కదా. ఇవన్నీ నువ్వు ఆలోచించే ఉంటావు. అయినా చెప్తున్నాను. రాత్రి పన్నెండింటికి తినడం మానెయ్యి. ఆ పాత దుప్పటి పారేసి కొత్తది కొనుక్కో.

చవితికి రా. పూజలో కూర్చోమని అడగను, మీ నాన్నకీ చెప్పాను. ఉండ్రాళ్ళు నువ్వు వచ్చాకే వండుతాను. పంచపాత్ర ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఉద్ధరిణి కాడ కొంచెం వంగింది. నువ్వు వస్తే సరిచేయిద్దాం.

ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యి. దిండు పక్కనే పెట్టుకుంటున్నాను.

మీ అమ్మ