పాత కార్ల దగ్గర తెలుగు బోర్డులు పెట్టాలి

పాత కార్ల మ్యూజియాల్లో పిల్లలకు అర్థమయ్యే తెలుగు వివరాలు లేకపోవడం పెద్ద లోటు. పోయిన ఆదివారం ఏడేళ్ల మనవణ్ణి అలాంటి ఒక ప్రదర్శనకు తీసుకెళ్లాను. కారు ముందు ఇంగ్లిషులో కంపెనీ పేరు, తయారైన సంవత్సరం, అంతే. అదీ పెద్దవాళ్ల కంటి ఎత్తులో. వాడు తాడు పట్టుకుని వంగి, రేడియేటర్ కింద వేలాడే ఇనుప హ్యాండిల్ చూసి "తాతయ్యా, ఇదేంటి?" అన్నాడు. దాన్ని చేత్తో తిప్పితేనే ఇంజిన్ స్టార్టయ్యేదని, ఒక్కోసారి అది వెనక్కి తన్ని చెయ్యి విరిగేదని, 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక ఆ బాధ క్రమంగా తప్పిందని చెప్పాను. ఆ రోజుల్లో కార్బైడ్ మీద నీటి చుక్కలు పడగా పుట్టే గ్యాస్‌తోనే హెడ్‌లైట్లు వెలిగేవంటే, పక్కనున్న పిల్లలూ మా చుట్టూ మూగారు. ఈ మాటలు చెప్పాల్సింది మ్యూజియం కదా! అక్కడున్న గార్డు "ముట్టుకోవద్దు" అనడమే విన్నాం. పిల్లల ఎత్తులో తెలుగు బోర్డులు పెట్టాలి. సెలవు రోజుల్లోనైనా ఒక రిటైర్డ్ మెకానిక్‌ను కూర్చోబెట్టి, విడిగా ఒక రబ్బరు బుడ్డి హారన్, తిప్పి చూడటానికి ఒక పాత హ్యాండిల్ పిల్లల చేతికివ్వాలి.