ఉద్దానం కిడ్నీ రోగుల కుటుంబాలకు మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు, డయాలసిస్ పడకల మీదున్న మనవాళ్లకు, వాళ్లను కనిపెట్టుకుని ఉన్న ఇంటివాళ్లకు కార్యవర్గం తరఫున నమస్కారం.

పింఛను దరఖాస్తులు, ఆసుపత్రికి వెళ్లిరావడానికి ప్రయాణ సాయం, పిల్లల చదువు సాయం ఎప్పటిలాగే సాగాయి. వాటి జమాఖర్చులు జతచేసిన పత్రంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం ఇంకో పనికి పెట్టాం. కిడ్నీ రోగుల మీద ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధనలు ఏం తేల్చాయో తెలుసుకుని, వాటిలో మనకు పనికొచ్చేవి మన రోగి మంచం దాకా చేర్చాలనుకున్నాం. ఈ నివేదిక ప్రధానంగా ఆ పని గురించే.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పుట్టినవాళ్లకు ఈ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 2019, 2020ల్లో వెలువడిన రెండు సర్వేలు మన కళ్లెదుట ఉన్నదాన్నే లెక్కగట్టి చూపించాయి. డాక్టర్ టి. రవిరాజు గారి బృందం చేసిన దానిలోనూ, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు చేసిన దానిలోనూ దాదాపు ప్రతి ఐదుగురు పెద్దవాళ్లలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లలో చాలామందికి షుగర్ లేదు, బీపీ లేదు. భూగర్భ జలంలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యం అన్నారు. కారణం ఇదేనని ఏ అధ్యయనమూ ఇంతవరకు తేల్చలేదు. శ్రీలంకలో అనురాధపుర, పొలన్నరువ వైపు వరి రైతులకూ, నికరాగ్వాలో చెరకు కోత కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. నికరాగ్వాలో కారణం తేలేదాకా ఆగకుండా, కూలీలకు నీళ్లు, నీడ, మధ్యమధ్య విరామం ఇవ్వడం మొదలుపెట్టారు. మన జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్లకూ ఇది అమలు చేయాలని తోటల యజమానులను కలిసి అడిగాం. కొందరు వెంటనే ఒప్పుకున్నారు, మిగతావాళ్లను మళ్లీ కలవాలి.

2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకమూ అప్పుడే మొదలైంది. ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి ఇవి. పరిశోధన కేంద్రం బోర్డు ఒకటి మన ఊళ్ల మధ్యలో ఉంది కాబట్టి, అక్కడ జరిగే పరిశోధన మనకు ఎలా ఉపయోగపడాలో అడిగే హక్కు, బాధ్యత రెండూ మనకున్నాయి.

ముందుగా జబ్బును గుర్తించడం గురించి. ఊళ్లో పెట్టే శిబిరాల్లో తరచుగా మూత్రంలో చీటీ ముంచి చూసి, ప్రోటీన్ లేదు కాబట్టి కిడ్నీలు బాగానే ఉన్నాయని పంపేస్తారు. మన ప్రాంతపు జబ్బు దెబ్బతీసేది ఎక్కువగా కిడ్నీలోని సన్న గొట్టాలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని. అందుకే చాలాకాలం మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్లు వాయవు, మనిషి పొలం పనికి వెళ్తూనే ఉంటాడు. కనుక రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎంత ఉందో చూడని శిబిరం మనకు సరిపోదు. ఇకమీదట క్రియాటినిన్ పరీక్ష ఉంటేనే శిబిరానికి సంఘం సహకరిస్తుందని కార్యవర్గం తీర్మానించింది.

క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసినా చాలదు. రిపోర్టులో 1.4 అని ఉంటే 'కొంచెం ఎక్కువ, పర్లేదు' అనేస్తుంటారు. అదే 1.4కి పాతికేళ్ల కుర్రాడి కిడ్నీ పనితీరు, అంటే ఇ–జీఎఫ్ఆర్, 71 దగ్గర వస్తుంది. 55 ఏళ్ల ఆడమనిషికైతే 44 దగ్గరే ఆగిపోతుంది. అరవై కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. మన అమ్మలు, అత్తలు ఎంతమంది ఆ 'పర్లేదు' అన్న మాట దగ్గర ఆగిపోయి ఉంటారో తలుచుకుంటే బాధేస్తుంది. వేసవిలో విరేచనాలు పట్టుకున్నప్పుడో, ఎండదెబ్బ తగిలినప్పుడో క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగవచ్చు. కాబట్టి ఒక్క పరీక్షతో కంగారు పడకూడదు, మళ్లీ చేయించుకోవడం మానకూడదు. దీనికోసమే ప్రతి సభ్య కుటుంబానికీ చిన్న పుస్తకం అచ్చువేసి ఇచ్చాం. తేదీ, క్రియాటినిన్, ఇ–జీఎఫ్ఆర్, బరువు, బీపీ, హిమోగ్లోబిన్, వాడుతున్న మాత్రలు అందులో రాసుకోవాలి. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి చేటు కాబట్టి పుస్తకం వెనక అట్ట మీద వాటి పేర్లు పెద్ద అక్షరాల్లో వేశాం.

ఈ ఏడాది మన చదువు కూటాల్లో అందరినీ పట్టి కూర్చోబెట్టింది డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్న. కంచిలి వైపు నుంచి ఒక జంట వచ్చారు. ఆయన పాలిథిన్ సంచిలో రిపోర్టులన్నీ మడతపెట్టి తెచ్చుకున్నాడు. ఆవిడ కూర్చోకముందే "క్రియాటినిన్ ఆరు దాటేసింది బాబూ, ఇంక మిషన్ ఎక్కించేస్తారేటి?" అని అడిగింది. అప్పటికే జీడితోట బేరం పెట్టేశారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో 828 మంది మీద చేసిన ఐడియల్ అనే అధ్యయనం 2010లో ఇదే ప్రశ్నకు జవాబు చెప్పింది. కిడ్నీ పనితీరు 10–14 మధ్య ఉన్నప్పుడే ఒక గుంపుకు డయాలసిస్ మొదలుపెట్టాలనుకున్నారు. రెండో గుంపుకు 5–7 దాకా, లేదా లక్షణాలు కనిపించేదాకా ఆగాలనుకున్నారు. ముందే మొదలుపెట్టినందువల్ల ఎక్కువకాలం బతికినవాళ్లు లేరు. అలాగని డాక్టర్ మొదలుపెట్టమంటే ఐడియల్ పేరు చెప్పి వాయిదా వేయకూడదు. రెండో గుంపులో నూటికి డెబ్భై అయిదు మందికి పైగా ఏడుకు దిగకముందే లక్షణాలొచ్చి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయాసం, ఆగని వాంతులు, తగ్గని వాపు, పొటాషియం పెరగడం, వీటిని చూసి నిర్ణయించాలి తప్ప ఒక్క క్రియాటినిన్ అంకెను చూసి కాదు. ఆ జంటను నెఫ్రాలజిస్టు దగ్గరికి మనవాళ్లే వెంటబెట్టుకెళ్లారు. ఆయన మందులు, ఆహారం సరిచేసి, నెలనెలా చూస్తానన్నారు. తోట అమ్మకం ఆగింది.

డయాలసిస్ అవసరం రాకముందు దొరికే ఈ సమయంలోనే చేయాల్సిన ముఖ్యమైన పని ఫిస్టులా. చేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ అది. సూది పొడవడానికి తగినట్టు ఆ సిర బలపడాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే డయాలసిస్ అవసరం పడకముందే చేయించుకోవాలి. చివరి నిమిషంలో ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తినవాళ్లకు మెడలో గొట్టం వేస్తారు. ఆ గొట్టం నుంచి రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకే ప్రమాదం ఫిస్టులా కంటే చాలా ఎక్కువ. ఫిస్టులా ఉన్నవాళ్లకు ఈ ఏడాది మనం నేర్పిన అలవాటు ఒకటుంది. పొద్దున్నే నిద్ర లేవగానే రెండో చేతి వేళ్లు దాని మీద ఆనించి చూసుకోవాలి. లోపల జుయ్యిమని కంపిస్తూ ఉండాలి. ఆ కంపనం ఆగితే మరుసటి డయాలసిస్ రోజుదాకా చూడకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బిందె మోయకూడదు. ఒక ఆసుపత్రిలో మన సభ్యురాలికి అదే చేతికి సెలైన్ పెట్టబోతే ఆమె కోడలు అడ్డుపడింది. పదో తరగతి చదివిన ఆ అమ్మాయికి ఈ సంగతి మన కూటంలో తెలిసింది. సంఘం పెట్టినందుకు ఇంతకంటే ఏం కావాలి?

రక్తహీనత విషయంలో రెండు పరిశోధనలు చదువుకున్నాం. రక్తం పట్టడానికి వేసే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్‌ను 13.5కి చేర్చాలని చూస్తే మరణం, గుండెపోటు, గుండె వైఫల్యం, పక్షవాతం అన్నీ కలిపి లెక్కించిన ప్రమాదం పెరిగిందని 2006లో అమెరికాలో 1432 మంది మీద చేసిన అధ్యయనం చూపింది. 'పన్నెండు దాటలేదు, ఇంకో ఇంజెక్షన్ వేయండి' అని డాక్టర్ను ఒత్తిడి చేసే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. 2018లో బ్రిటన్‌లో 2141 మంది డయాలసిస్ రోగుల మీద చేసిన ఇంకో అధ్యయనంలో, ఐరన్ ముందుచూపుతో క్రమంగా ఎక్కించినవాళ్లకు మేలు జరిగింది, ఖరీదైన ఇంజెక్షన్ కూడా తక్కువే పట్టింది. కనుక ఐరన్ పరీక్ష ఎప్పుడు చేశారని డాక్టర్ను తప్పకుండా అడగండి. హెపటైటిస్ బి టీకా డయాలసిస్ రోగులకు మామూలు మోతాదు చాలదు, రెట్టింపు కావాలి. పుస్తకంలో దానికీ ఒక పేజీ ఉంది.

కొబ్బరినీళ్ల గురించి చెప్పడం కష్టమైంది. కోనసీమతో పోటీపడే కొబ్బరి మనది. ఆసుపత్రి నుంచి వచ్చినవాడికి బోండాం కొట్టి ఇవ్వడం మన ప్రేమ. గ్లాసు కొబ్బరినీళ్లలో పొటాషియం 500–600 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీ పనిచేయని మనిషికి అది గుండె లయనే తప్పించగలదు. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. డయాలసిస్ కేంద్రం డైటీషియన్ వచ్చి ఇద్దరు రోగుల పొటాషియం రిపోర్టులు, వాళ్ల అనుమతితోనే, చదివి వినిపించాక అర్థం చేసుకున్నారు.

ఇప్పుడు కార్యవర్గం గట్టిగా చెప్పదలచుకున్న విషయం. కిడ్నీ జబ్బును నెమ్మదింపజేసే కొత్త మాత్రల మీద ప్రపంచమంతా సంతోషిస్తోంది. డాపాగ్లిఫ్లోజిన్ మీద 4304 మందితో చేసిన ట్రయల్ 2020లో వెలువడింది, ఫలితం బాగుండడంతో ముందే ఆపేశారు. కానీ అందులో చేర్చుకున్నది మూత్రంలో ప్రోటీన్ బాగా పోతున్నవాళ్లనే. ప్రోటీన్ పోని మన ఉద్దానం రోగి అందులో లేడు. 2022లో వచ్చిన ఎంపాగ్లిఫ్లోజిన్ ట్రయల్‌లో ప్రోటీన్ తక్కువ పోయేవాళ్లనూ తీసుకున్నారు, అది కొంత ఆశ. అయినా మన జబ్బుకు ఏది పనిచేస్తుందో తేలాలంటే మన రోగుల మీదే, మన ఆసుపత్రుల్లోనే పద్ధతి ప్రకారం ట్రయల్స్ జరగాలి. సంఘం దీన్ని కోరుతోంది, భయపడడం లేదు.

అయితే షరతులున్నాయి. ఎన్నో బృందాలు మన ఊళ్లకు వచ్చి రక్తం, మూత్రం, బోరునీళ్లు, మట్టి పట్టుకెళ్లాయి. ఒక బృందం ఇచ్చిన అంగీకార పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టినవాళ్లకు నకలు ఇవ్వలేదు, తర్వాత ఒక్కరి రిపోర్టూ తిరిగి రాలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పాల్గొనేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అలా తప్పుకున్నందుకు వైద్యం ఆపకూడదు. ట్రయల్స్‌ను 2009 నుంచి సీటీఆర్ఐ అనే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ నంబరు అడిగి, ఇంటర్నెట్‌లో మన పిల్లలే చూసుకోవచ్చు. రక్తం ఇచ్చిన మనిషికి తన క్రియాటినిన్ ఎంతో రాతపూర్వకంగా చెప్పకుండా ఏ పరిశోధనా ఊళ్లోకి రాకూడదన్నది కార్యవర్గం అభిప్రాయం.

రాబోయే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. పరిశోధన బృందాలతో మాట్లాడడానికి రోగులు, ఇంటివాళ్లు, ఒక నర్సు ఉండే చిన్న కమిటీ వేయడం మొదటిది. అందులో కనీసం సగంమంది ఆడవాళ్లు ఉండాలని ప్రతిపాదిస్తున్నాం, ఎందుకంటే ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చునేది ఎక్కువగా వాళ్లే. పలాస పరిశోధన కేంద్రం తాను చేసే అధ్యయనాల సారాంశాన్ని ఏటా తెలుగులో ప్రకటించాలని ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వడం రెండోది. డయాలసిస్ ఉన్నవాళ్లు హాజరయ్యేలా మధ్యాహ్నం షిఫ్టు లేని రోజు చూసి తేదీ చెబుతాం. వచ్చేటప్పుడు మీ పుస్తకం తెచ్చుకోండి. ఏడాది అంకెలను నర్సమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కరితో చూస్తారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి