సొరంగంలో నీళ్లు కారాక కాదు, కాంక్రీట్ పొయ్యక ముందే చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

రాయ్‌పూర్ - విశాఖ ఆరు లైన్ల రోడ్డు గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా చదువుతున్నాను, మాది విజయనగరం, ఆ రోడ్డు మా జిల్లా మీదుగానే వెళ్తుంది కాబట్టి ఇంట్లో కూడా అదే టాపిక్. 464 కిలోమీటర్ల రోడ్డు, ఛత్తీస్‌గఢ్ కొండల్లో 2.79 కిలోమీటర్ల జంట సొరంగం, లారీలకి ఘాట్ తిప్పలు తప్పుతాయి అని రాస్తున్నారు, సంతోషం. కానీ వానాకాలం ఆ సొరంగంలోకి నీళ్లు దిగకుండా ఏం చేస్తున్నారో నేను చదివిన వార్తల్లో ఒక్క ముక్క కూడా లేదు.

నేను సివిల్ ఇంజినీర్ని, ఉత్తరాదిలో ఒక హైవే సొరంగం పనిలో నాలుగేళ్లు క్వాలిటీ సెక్షన్‌లో చేశా. వాటర్‌ప్రూఫింగ్ అంటే ఇంటి స్లాబ్ మీద కెమికల్ పూసినట్టు అన్నీ అయ్యాక చేసేదని చాలామంది అనుకుంటారు. సొరంగంలో అలా కుదరదండి. కొండ పేల్చి, షాట్‌క్రీట్ (గోడ మీదకి ప్రెషర్‌తో చిమ్మే కాంక్రీట్) కొట్టి, రాక్ బోల్టులు (రాయిని పట్టి ఉంచే ఇనుప కడ్డీలు) వేశాక దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ పైన పీవీసీ షీటు (మేం 2 మిల్లీమీటర్లది వాడాం), అప్పుడు గాంట్రీ (పట్టాల మీద జరిగే ఇనుప అచ్చు) జరిపి లోపలి లైనింగ్ కాంక్రీట్ పోస్తారు. షీటు వెనక దిగిన నీళ్లు కింద రెండు పక్కలా ఉండే చిల్లుల పైపుల్లోకి పోవాలి. ఒకసారి కాంక్రీట్ పడిందంటే ఇక ఆ షీటుని ఎవరూ ముట్టుకోలేరు.

షీట్ల అతుకుని వేడి మిషన్‌తో రెండు వరసల్లో అతికిస్తారు, మధ్యలో సన్నటి గాలి సందు ఉంటుంది. రెండు చివరలూ మూసేసి సూది గుచ్చి సైకిల్ ట్యూబ్‌కి కొట్టినట్టు గాలి కొట్టి, 2 బార్ ప్రెషర్ దగ్గర పది నిమిషాలు మీటర్ చూడాలి, ముల్లు బాగా పడిపోతే లీకున్నట్టే. మా సైట్లో ఒక రాత్రి ఈ టెస్ట్ పాసైన షీటుకి ఎదురుగానే లైనింగ్ రాడ్లకి వెల్డింగ్ పెట్టారు, రవ్వ పడి బఠాణీ గింజంత చిల్లు. టార్చి వేసి చూపిస్తే సూపర్‌వైజర్ టేపు అంటించేసి "కాంక్రీట్ పడితే అదే మూసుకుపోద్ది సార్" అన్నాడు, తెల్లారి ఐదింటికి పోత కూడా అయిపోయింది, నేను రాసిన నోట్ ఫైల్లోనే ఉండిపోయింది. తర్వాతి వానల్లో కారింది, అదీ ఆ చిల్లు దగ్గర కాదు, ఇరవై మీటర్ల అవతల రెండు కాంక్రీట్ బ్లాకులు కలిసే జాయింట్లో! షీటుకీ కాంక్రీట్‌కీ మధ్య నీళ్లు పాక్కుంటూ వెళ్లి ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటపడతాయి. డ్రిల్ చేసి పీయూ గ్రౌట్ (సందులు మూసే పాలీయూరెథేన్ ద్రవం) ఎక్కించారు, అక్కడ ఆగింది, పక్క జాయింట్లో మొదలైంది.

కాంక్రీట్‌లోనే క్రిస్టలైన్ పౌడర్ కలుపుతున్నాం కదా అంటారు. పౌడర్ మంచిదే, తడి తగిలితే స్ఫటికాలు పెరిగి సన్నటి పగుళ్లు మూసుకుంటాయి. కానీ పంపు సాఫీగా పోవాలని మిల్లర్ లారీలో (కాంక్రీట్ కలుపుతూ తెచ్చే లారీ) పైప్ పెట్టి నీళ్లు కలిపేస్తే, పైకప్పు దగ్గర కాంక్రీట్ నిండక బోలుగా మిగిలితే, జాయింట్లో నీళ్లు ఆపే వాటర్ స్టాప్ పట్టీ మడతపడితే ఏ పౌడరూ ఏమీ చెయ్యలేదు.

కాస్త చెమ్మేగా అనకండి. ఎండలోంచి లోపలికి వచ్చిన డ్రైవర్‌కి మొదటి కొన్ని సెకన్లు కళ్లు సరిగ్గా ఆనవు, అక్కడే రోడ్డు తడిగా ఉంటే? లైట్లు, ఫ్యాన్లు, కేబుళ్లు అన్నీ పైనే. లోపల ఇనుము ఉన్నచోట తుప్పు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకుపోయిన రోజు మనమెవరం మర్చిపోలేదు, అది తవ్వేటప్పుడు జరిగింది, లైనింగ్ సంగతి వేరు, అయినా కొండలో నీళ్లంటే ఏంటో అప్పుడే చూశాం.

హైవే అధికారులకి నా విన్నపం ఇదే. షీటుని గదులు గదులుగా విడగొట్టి చెయ్యండి, అప్పుడు ఒకచోటి లీకు ఇంకోచోటికి పోదు. రాడ్ల వెల్డింగ్ అయ్యాక షీటు మళ్లీ చూడాలి, ఫొటో, సంతకం ఉంటేనే పోతకి పర్మిషన్ ఇవ్వాలి. ఇప్పటికే పోసేసిన బ్లాకుల రికార్డులు జనం చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టండి.

మీ రిపోర్టర్ ఎవరైనా అటు వెళ్తే ఎయిర్ టెస్ట్ రిజిస్టర్ అడిగి చూడమనండి సార్, బ్లాక్‌కి ఒక పేజీ చొప్పున ఉండాలి.

- ఒక సివిల్ ఇంజినీర్, విజయనగరం