గుండ్లకమ్మ లెక్క

ఒరేయ్ రాజా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టు. అమ్మ కులాసా. ఇంటికి సున్నాలయ్యాయి. చిన్నదాని పరీక్షలు గట్టెక్కాయి. అంతే కబుర్లు. అసలు సంగతికొస్తా, చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది.

ఒంగోలు దగ్గర కరువు రోజుల్లో వేలమంది ఒక్కసారిగా క్రైస్తవంలో కలిసిన సంగతి ఎత్తినప్పుడు "కరువులో గంజి పోస్తే ఎవడైనా మతం మారతాడు" అని తేల్చేశావు చూడు! నీతో వాదించాలంటే ముందు బజ్జీలు తెప్పించాలి కాబట్టి అప్పుడు ఊరుకున్నా. ఇప్పుడు విను.

1876-78 ధాత కరువులో, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. అమెరికాలో సర్వే పని చేసినవాడే, కొలతలు కొత్త కాదు. మిషన్ బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నం పలుగూ పారా పక్కన పెట్టాక వాళ్లే కూలీల మధ్య కూర్చుని బోధించేవాళ్లు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఆయన పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదురా! నీకొచ్చిన అనుమానమే ఆయనకీ వచ్చింది. కూలి డబ్బు పంచే చెయ్యే బాప్తిస్మమూ ఇస్తే ఎవరు దేనికొచ్చారో ఎలా తెలుస్తుంది?

కరువు సాయం ఆగిపోయిందని చెప్పాక, 1878 జూలైలో, ఒంగోలుకు పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి బోధకుల్ని మాత్రమే రమ్మన్నాడు. వాళ్ల వెనకాలే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. 2వ తేదీన 614 మంది, 3న 2,222, 4న 700. మూడు రోజులకీ కలిపి 3,536.

లెక్కల మాస్టారూ, ఇది నీకోసమే. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు వంతులేసుకున్నారు. నీళ్లలో ఒకసారికి ఇద్దరే. వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు దిగేవాళ్లు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా, మళ్లీ రెండు నుంచి ఐదు దాకా. ఎనిమిది గంటలు. మనిషికి ఇరవయ్యారు సెకన్లు పడతాయి. ఆ కాస్తలోనే నీళ్లలోకి దిగడం, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున అనడం, పూర్తిగా ముంచి లేపడం! దొర మాత్రం ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు.

కరువు లేకపోతే అంతమంది ఒక్కసారిగా వచ్చేవారా? రారు, ఒప్పుకుంటా. కానీ యర్రగుంట్ల పేరయ్య సంగతేమంటావు? తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల బేరానికి ఉత్తరాదికి వెళ్లి క్రీస్తు మాట విన్నాడు. 1866లో, కరువుకు పదేళ్ల ముందే, అదే మిషన్‌కు చెందిన జూవెట్ దొర చేత బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు యోగ సాధన పట్టినవాడు. ఆ తరవాత బంధువుల పల్లెల్లో చెప్పుకుంటూ పోయాడు. ఈ మతంలోకి వచ్చేవాళ్లు ఒప్పుకోవాల్సినవి మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం ముట్టకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి తేలికే. కోతల్లో ఆదివారం రానన్నవాడికి రైతు కళ్లం దగ్గర మేర, అంటే ఊరి పనికిచ్చే గింజల వాటా, కొలుస్తాడా? జాతరకు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? గంజి కోసం వచ్చినవాడు ఇంటి గింజలు పోగొట్టుకునే బేరానికి ఎందుకు దిగుతాడ్రా? ఈ ముక్కకు జవాబు రాయి ముందు.

క్లౌ దొర మొదట పై కులాల వాళ్లొస్తారని ఎదురుచూశాడు, మాదిగలు రాగానే వాళ్లు... అయ్యో, పోస్టు డబ్బా తీసేవాడి సైకిలు బెల్లు. మిగతాది తరవాత.

నీ
బజ్జీల బాకీ