మంత్రి గారూ, రెండు పోర్టులుంటే రెండు దారులున్నట్టు కాదు

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సర్వర్లు చూసుకునే ఉద్యోగిని. కౌంటర్‌లో "సర్వర్ డౌన్ అండీ, రేపు రండి" అని జనాన్ని పంపించేసే సమయానికి, లోపల ఫోన్లు మోగేది మాలాంటి వాళ్లకే. టెండర్ కాగితాల్లో మళ్లీ మళ్లీ కనిపించే ఒక్క లైను గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

"నెట్‌వర్క్: డ్యూయల్ పోర్ట్ 10జీ కార్డు, రిడండెన్సీతో."

అంటే సర్వర్‌ని నెట్‌వర్క్‌కి కలిపే కార్డుకి, సెకనుకు 10 గిగాబిట్ల చొప్పున మోసే రెండు పోర్టులు (కేబుల్ పెట్టే చోట్లు) ఉండాలి, ఒకటి పోయినా ఇంకోటి ఆదుకోవాలి అని. వినడానికి బాగానే ఉంటుంది. ఒక పోర్టు పోతే రెండోది ఉందిలే అనుకుంటాం. కానీ ఆ రెండు పోర్టులూ ఉండేది ఒకే కార్డు మీద. కార్డు కూర్చునేది ఒకే పీసీఐ స్లాటులో. మామూలుగా రెండింటినీ నడిపేది ఒకే చిప్పు. ఆ చిప్పు కాలినా, దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) హ్యాంగ్ అయినా దొందూ దొందే, రెండూ కలిసే పోతాయి. అది చాలదన్నట్టు రెండు కేబుళ్లనూ తీసుకెళ్లి ఒకే స్విచ్‌కి (సర్వర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె) పెట్టేస్తారు, దగ్గర్లో ఉంది కదా అని. ఆ స్విచ్‌ని రీబూట్ చేసిన రోజు తెలుస్తుంది అసలు సంగతి. కాగితం మీద హై అవైలబిలిటీ (సేవ ఆగకపోవడం), ర్యాక్ వెనక్కి వెళ్లి చూస్తే పేరు గొప్ప ఊరు దిబ్బ.

అలాగని కార్డులు రెండు కొనేస్తే సరిపోదు. నేను పనిచేసిన ఒకచోట రెండు కార్డులూ రెండు స్విచ్‌లూ పద్ధతిగానే పెట్టారు. యాక్టివ్-బ్యాకప్ మోడ్. అంటే ఒక కార్డు పనిచేస్తుంటే ఇంకోటి ఊరికే కాచుకుని కూర్చుంటుంది. ఒక మధ్యాహ్నం పనిచేసే కార్డు పోయింది, దాంతోపాటే సర్వరూ మాయమైంది. టార్చి పట్టుకుని ర్యాక్ వెనక్కి వెళ్తే బ్యాకప్ పోర్టు లైటు వెలగడం లేదు. స్విచ్ వైపు ప్లగ్ క్లిప్పు విరిగి, ప్లగ్ సగం బయటికొచ్చి వేలాడుతోంది. పాత లాగ్‌లు తిరగేస్తే ఆ లింకు పోయి నాలుగు నెలలు. 'లింక్ డౌన్' అని సిస్టమ్ ఒక్క లైను రాసి ఊరుకుంది. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

వాడని దారి చెడిపోతే ఎవరికీ తెలియదు. అందుకే కార్డుతో పాటు, ఏ ఒక్క లింకు పడిపోయినా మనిషికి కబురు వెళ్లే ఏర్పాటు కూడా టెండర్‌లోనే అడగాలి. ఇంకో తిరకాసు ఉంది. లింకు ఉందో లేదో సర్వర్ కొద్ది మిల్లీసెకన్లకోసారి చూసుకుంటుంది, లినక్స్‌లో రెండు పోర్టులను ఒక జతగా కట్టే బాండింగ్‌లో మామూలుగా 100 పెడతారు. కానీ చూసేది పక్కనున్న స్విచ్ దాకానే. ఆ స్విచ్ నుంచి పైకి వెళ్లే లింకు తెగితే పోర్టు లైటు పచ్చగానే ఉంటుంది, డేటా మాత్రం ఎక్కడికీ పోదు. గేట్‌వేని, అంటే నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లే ద్వారాన్ని, చిన్న సందేశాలతో పలకరిస్తూ ఉండే ఏఆర్‌పీ మానిటరింగ్ అయితే దీన్ని పట్టుకుంటుంది. రెండు లింకులనూ కలిపి ఒకటిగా వాడే ఎల్ఏసీపీ పద్ధతి పెట్టిన చోట మాత్రం అది పనికిరాదు. అక్కడ పైలింకు పడితే కింది పోర్టులనూ దించేసేలా స్విచ్‌లోనే ఏర్పాటు చేసుకోవాలి.

ఎల్ఏసీపీ అన్నాను కాబట్టి దాని మీదున్న భ్రమ గురించి కూడా చెప్పాలి. రెండు 10జీ లింకులు కలిపితే 20జీ వస్తుందని ప్రెజెంటేషన్లలో చూపిస్తారు. ఈ పద్ధతి 2000లో 802.3ఏడీ పేరుతో ప్రమాణమైంది, 2008లో 802.1ఏఎక్స్ కిందికి మారింది. అంటే కొత్తదేం కాదు, అయినా భ్రమ పోలేదు. ప్యాకెట్ల (డేటా ముక్కల) వరస చెడకూడదు కాబట్టి ఒక కనెక్షన్ మొత్తం ఒకే లింకు మీద నడుస్తుంది. వందల మంది యూజర్లుంటే వాళ్ల కనెక్షన్లు రెండు లింకులకూ సర్దుకుంటాయి. రాత్రి నడిచే ఒక్క పెద్ద బ్యాకప్ మాత్రం 10జీ దాటదు. పోనీ రెండూ కలిసి 14జీ మోస్తున్నాయనుకుందాం. ఒకటి తెగితే మిగిలినది 10 మాత్రమే మోస్తుంది. మిగతా నాలుగు ఎక్కడికి పోవాలి? ఒక లింకు మీద మొత్తం లోడు పట్టేలా లెక్క వేసుకోకపోతే దాన్ని రిడండెన్సీ అనకూడదని నా అభిప్రాయం. రెండు వేర్వేరు స్విచ్‌లకు ఎల్ఏసీపీ కట్టాలంటే ఆ స్విచ్‌లు రెండూ ఒక్కటిలా నటించగలగాలి. అంత ఖర్చు వద్దనుకుంటే యాక్టివ్-బ్యాకప్ చాలు, దానికి స్విచ్ నుంచి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు.

ఇక వేగం. 10జీ లింకు నిండా 1500 బైట్ల ప్యాకెట్లు వస్తే సెకనుకు 8 లక్షల పైచిలుకు. అన్నీ అతి చిన్నవైతే కోటీ 48 లక్షల పైన. ప్రతి దానికీ ప్రాసెసరే చెక్‌సమ్ (డేటా దారిలో చెడిందో లేదో పట్టించే లెక్క) వేస్తూ కూర్చుంటే అప్లికేషన్‌కి మిగిలేదేముంది? అందుకే మంచి కార్డులు ఆ లెక్క తామే చేస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ 64 కేబీ దాకా డేటాని ఒకే ముద్దగా ఇస్తే కార్డే ముక్కలు చేసి పంపుతుంది. వచ్చే ప్యాకెట్లను ప్రాసెసర్ కోర్లన్నింటికీ పంచుతుంది. ఈ పంచడం ఆగిపోయిన సర్వర్‌ని చూశాను. ఒక కోర్ 100 శాతం దగ్గర ఉక్కిరిబిక్కిరి, మిగతా కోర్లు ఖాళీ. యూజర్లేమో స్లో స్లో అని గోల. ఇంకో సర్వర్ కొందామని ఫైలు కూడా కదిలింది. తీరా చూస్తే కావాల్సింది ఒక్క సెట్టింగ్.

వేగమూ, సేవ ఆగకుండా చూసుకోవడమూ ఒకదానికొకటి అడ్డొచ్చే చోటు ఇంకోటి ఉంది. దీన్ని మాత్రం మీ సాంకేతిక కమిటీ నిదానంగా చదవాలి. ఎస్ఆర్-ఐఓవీ అనే సదుపాయంతో కార్డులో ఒక భాగాన్ని నేరుగా వర్చువల్ మెషీన్‌కి (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) ఇచ్చేయొచ్చు. మధ్యలో వర్చువల్ స్విచ్ ఉండదు కాబట్టి వేగం పెరుగుతుంది. అయితే హోస్ట్‌లో, అంటే అసలు సర్వర్‌లో, కట్టుకున్న బాండింగ్ కూడా మధ్యలోంచి తప్పుకున్నట్టే. ఆ కార్డు పోతే ఆ మెషీన్‌కి దిక్కుండదు. రెండు కార్డుల నుంచీ చెరో భాగం ఇచ్చి మెషీన్ లోపల విడిగా జత కట్టాలి. మెషీన్‌ని నడుస్తుండగా వేరే సర్వర్‌కి మార్చడమూ కష్టమవుతుంది. టెండర్‌లో మాత్రం "ఎస్ఆర్-ఐఓవీ, హై అవైలబిలిటీ" అని పక్కపక్కనే రాసేస్తారు, ఉప్పూ కారం రాసినట్టు.

కాబట్టి అయ్యా, ఆ లైను మార్చండి. వేర్వేరు స్లాట్లలో రెండు కార్డులు, వేర్వేరు స్విచ్‌లకు కేబుళ్లు అని రాయించండి. సర్వర్ ధరలో రెండో కార్డు ఖర్చు ఎంతో కాదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రెండింటికీ ఒకేసారి చేయకూడదని కూడా చేర్చండి.

సర్వర్లు అప్పగించే రోజు సంతకం పెట్టే అధికారిని సర్వర్ రూమ్‌లోకి పంపండి. పెద్ద ఫైలు కాపీ నడుస్తుండగా తన చేత్తోనే ఒక కేబుల్ పీకమనండి, తర్వాత ఒక స్విచ్‌ని ఆఫ్ చేయించమనండి. అందరూ చేయడం మరిచిపోయేది తిరిగి పెట్టడం. పాత పద్ధతి స్పానింగ్ ట్రీ (డేటా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోకుండా స్విచ్ చూసుకునే ఏర్పాటు) ఉన్న స్విచ్‌లో లింకు లైటు వెంటనే వెలుగుతుంది, డేటా వెళ్లడానికి మాత్రం 30 సెకన్లు పట్టొచ్చు. సర్వర్ తొందరపడి పాత దారికి తిరిగొస్తే ఆ 30 సెకన్లూ సేవ ఆగిపోతుంది. కేబుల్ తిరిగి పెట్టాక కూడా ఆ అధికారిని ఒక నిమిషం అక్కడే నిలబడమనండి. కాపీ ఆగకపోతే అప్పుడు సంతకం పెట్టమనండి.

ఇట్లు,
రాత్రి ఫోన్ మోగితే ఉలిక్కిపడే ఒక సర్వర్ అడ్మిన్