హైడ్రైడ్ల పాఠం గురించి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. డిగ్రీ పిల్లలకి హైడ్రైడ్ రిడక్షన్లు, అంటే నెగటివ్ చార్జ్ ఉన్న హైడ్రోజన్‌ని ఇంకో అణువుకి అందించే చర్యలు, ఎలా చెప్పాలని అడిగావు కదా, చదివినప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. ఇవాళ సెలవు, వేలచ్చేరిలో వాన దంచేస్తోంది, తీరిగ్గా రాస్తున్నాను.

ముందు పుస్తకంలోని హైడ్రైడ్ల పట్టిక పక్కన పెట్టు. 'ఇది బలమైనది, అది బలహీనం' అని బట్టీ పట్టిస్తే పరీక్షతోనే సరి. ఎలక్ట్రోనెగటివిటీలు, అంటే ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునే గుణానికి అంకెలు, బోర్డు మీద రాయి: హైడ్రోజన్ 2.20, బోరాన్ 2.04, అల్యూమినియం 1.61. అల్యూమినియంతో తేడా ఎక్కువ కాబట్టి అక్కడి హైడ్రోజన్ మీద నెగటివ్ చార్జ్ ఎక్కువ. పైగా లిథియం అయాన్ కార్బొనిల్ (కార్బన్, ఆక్సిజన్‌ల జంట బంధం) ఆక్సిజన్‌ని పట్టుకుని హైడ్రైడ్‌కి దారి సులువు చేస్తుంది. అందుకే ఎల్ఏహెచ్ (లిథియం అల్యూమినియం హైడ్రైడ్) ఎస్టర్‌నీ, ఆమ్లాన్నీ, అమైడ్‌నీ దేన్నీ వదలదు. సోడియం బోరోహైడ్రైడ్ మెథనాల్‌లో కూడా పని కానిచ్చేస్తుంది, కానీ ఆల్డిహైడ్, కీటోన్ల దగ్గర ఆగుతుంది. ఎస్టర్ జోలికి మామూలుగా పోదు.

మా ల్యాబ్‌లో మేం డబ్బు పెట్టి కొనుక్కునేది ఆ ఆగే గుణాన్నేరా. డిబాల్ (డైఐసోబ్యూటైల్ అల్యూమినియం హైడ్రైడ్) సంగతే చూడు. డ్రై ఐస్, అసిటోన్ బాత్‌లో మైనస్ 78 డిగ్రీల దగ్గర చుక్కచుక్కగా వేస్తే, ఎస్టర్‌కి ఒక హైడ్రైడ్ చేరాక వచ్చే టెట్రాహెడ్రల్ రూపం అల్యూమినియంని అంటిపెట్టుకుని అలాగే నిలబడుతుంది. ఆ చలిలోనే మెథనాల్ పోసి మిగిలిన డిబాల్‌ని చంపేయాలి. ఆ తర్వాత నీళ్లు తగిలితే అది విడిపోయి ఆల్డిహైడ్ చేతికొస్తుంది. బాత్ వేడెక్కిందా, ఆల్డిహైడ్ ముందే బయటపడి, ఇంకో హైడ్రైడ్ తీసుకుని ఆల్కహాల్ అయిపోతుంది. ఈ ఒక్కదాని మీద గంట ఖర్చుపెట్టు, నష్టం లేదు.

చెన్నై తేమ నీకు తెలుసుగా, ఇక్కడ ఎల్ఏహెచ్ డబ్బా మూత తెరిచి ఉంచనివ్వను, నైట్రోజన్ లేకుండా ముట్టనివ్వను. క్వెంచ్ చేసేటప్పుడు, అంటే మిగిలిన ఎల్ఏహెచ్‌ని నీళ్లతో చంపేటప్పుడు, కొత్త పిల్లల పక్కనే నిలబడతాను. ఐస్ బాత్‌లో పెట్టి, గ్రాము ఎల్ఏహెచ్‌కి ముందు 1 మి.లీ. నీళ్లు, తర్వాత 1 మి.లీ. 15 శాతం సోడియం హైడ్రాక్సైడ్, ఆఖర్న 3 మి.లీ. నీళ్లు. మొదటి చుక్కలకే హైడ్రోజన్ బుస్సుమని పొంగుతుంది. బూడిదరంగు ముద్ద కాస్తా మెల్లగా తెల్లబడి ఉప్మా రవ్వలా విడివిడిగా అవుతుంది. అప్పుడు ఫిల్టర్ ఇట్టే దిగుతుంది. లెక్క తప్పితే జిగురుపట్టి సాయంత్రం దాకా దిగదు.

కథ అడిగితే కెమిస్ట్ హెర్బర్ట్ బ్రౌన్ గురించి చెప్పు. 1936లో డిగ్రీ అందుకున్నప్పుడు, తర్వాత ఆయన భార్య అయిన సారా బోరాన్ హైడ్రైడ్ల పుస్తకం కానుకిచ్చింది. షాపులో కెమిస్ట్రీ పుస్తకాల్లో అదే చవక, 2.06 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తన గురువు ష్లెసింజర్‌తో కలిసి, ఆవిరయ్యే యురేనియం సమ్మేళనాల కోసం చేసిన పనిలోంచే సోడియం బోరోహైడ్రైడ్ పుట్టింది. 1979లో బ్రౌన్‌కి నోబెల్ వచ్చింది.

ప్రాక్టికల్‌కి మాత్రం ఎల్ఏహెచ్ వద్దు. బోరోహైడ్రైడ్‌తో బెంజోఫినోన్ అనే కీటోన్‌ని రిడ్యూస్ చేయించు. 48 డిగ్రీల దగ్గర కరిగే పదార్థం 67 దగ్గర కరిగేదిగా మారితే వాళ్లే కళ్లారా చూసుకుంటారు. ఎలా వచ్చిందో రాయి. చెల్లెమ్మనీ, పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
శీను